మొదటి మోతాదు

ఆ పిల్ల పరిగెత్తింది. చక్రాల మంచం మీద పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్ళాల్సిన పిల్ల, నర్సు దుప్పటి సర్దేలోపే కిందికి జారింది. ఆసుపత్రి వాళ్ళు తొడిగిన పొడుగు చొక్కా అంచు కాళ్ళకి అడ్డం పడుతున్నా లెక్కచెయ్యకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి, మంచినీళ్ళ మిషను దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నవ్వింది. నర్సులు నవ్వారు. వాళ్ళమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను, మన మొహం మీద ఏముందో మనకెలా తెలుస్తుంది, కానీ లోపల మాత్రం పొయ్యిలోంచి తీసిన కడ్డీ పెట్టి తిప్పినట్టయింది. నాలుగేళ్ళ పిల్ల. నాలుగేళ్ళప్పుడు నా జిహాన్ కూడా ఇలాగే పరిగెత్తేవాడు, బుప్యోంగ్ సంతలో మా చేపముద్దల కొట్టు ముందు, తడి నేల మీద జారిపడతావురా అని వాళ్ళ నాన్న కేకలేస్తున్నా వినకుండా, చేపల బుట్టల మధ్య నుంచి. ఐదో ఏడు వచ్చాక మడమలు నేలకి ఆనించకుండా మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టాడు. టీవీలో చూసి డాన్సు నేర్చుకున్నాడనుకున్నాం. పక్క కొట్టు వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనైతే వీడియో తీసి మా అక్కకి పంపాను. ఆ వీడియో ఇప్పటికీ ఫోనులో ఉంది. దాన్ని తెరవను, తీసెయ్యను.

ఇప్పుడా పిల్ల మసక గాజు తలుపు అవతల ఉంది. నారే దాని పేరు. చేతికి సూది పెడుతున్నట్టున్నారు, ఒక్క కేక వినిపించి ఆగిపోయింది. మందు ఉదయమే వచ్చింది, సియోల్ నుంచి, పొగలు కక్కే చలిపెట్టెలో. ఇద్దరు మనుషులు దాన్ని పసిబిడ్డని మోసినట్టు మోసుకొచ్చారు. గడ్డకట్టించిన ఆ సీసాలు ఒకసారి కరిగితే మళ్ళీ గడ్డకట్టించడానికి లేదు, ఈ పూటే ఎక్కించాలి, లేకపోతే పారబొయ్యాలి. కరుగుతున్నాయి అవి లోపల. లోకంలో ఇంతవరకు ఏ మనిషి ఒంట్లోకీ వెళ్ళని మందు. మొదటి ఒళ్ళు నారేది. నేను ఇక్కడికి నా బిడ్డ కోసం రాలేదు, నా బిడ్డ పోయి ఆరేళ్ళయింది, తొమ్మిదేళ్ళకి పోయాడు. ఈ జబ్బు పిల్లల తల్లిదండ్రుల సంఘానికి నేను అధ్యక్షురాలిని. అందుకని నిన్న ఈ మందు కనిపెట్టిన ప్రొఫెసర్ ఛే ఫోను చేసి, "జిహాన్ అమ్మగారూ, మీరొకసారి వచ్చి నారే వాళ్ళమ్మ పక్కన కూర్చోవాలి. బాగా బెదిరిపోతోంది. మేం చెప్తే ఎక్కడం లేదు, మీరు చెప్తే వింటుంది," అన్నారు. ధైర్యం చెప్పడానికి పిలిచారు. నన్ను. ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు. రానని చెప్పొచ్చు, కొట్లో పని ఉందని చెప్పొచ్చు, మా ఆయన అయితే సూటిగా, "నువ్వెళ్ళు, నేను రాలేను, ఆ పిల్లని చూడలేను," అని చేపపిండి ముద్ద చెయ్యడానికి అటు తిరిగాడు. ఆయనకా హక్కుంది. అధ్యక్షురాలికి లేదు. స్నానం చేసి, చేపల వాసన పోయేదాకా జుట్టు రెండుసార్లు రుద్దుకుని, బూడిదరంగు కోటు వేసుకుని బస్సెక్కాను.

కడుపుమంట అని ఊరికే అనలేదు మనుషులు. నిజంగా అక్కడే మండుతుంది, బొడ్డుకి కాస్త పైన. మా సంతలో ఆడవాళ్ళకి దాచుకోవడం తెలియదు, ఎదుటి కొట్టుకి జనం ఎగబడితే, "కడుపు మండిపోతోందే నిన్ను చూస్తే, ఏం కలుపుతున్నావే పులుసులో," అని పైకే అరుస్తారు, అవతలావిడ, "ఏడవ్వే, బాగా ఏడువు," అని గరిటె ఊపుతుంది, ఇద్దరూ పకపకా నవ్వుతారు, అక్కడితో చల్లారిపోతుంది. నాది అలా చల్లారేది కాదు. దుఃఖమైతే అందరికీ అర్థమవుతుంది, దుఃఖానికి పూలు తెస్తారు, చెయ్యి పట్టుకుంటారు, తలవంచి నిలబడతారు. పోయిన పిల్లవాడి తల్లి బతికున్న పిల్లని చూసి కుళ్ళుకుంటోందంటే ఎవరు పూలు తెస్తారు? అందుకే ఇన్నాళ్ళూ దాన్ని దుఃఖం కిందే చెలామణీ చేశాను. సంఘం సమావేశాల్లో నా గొంతు పూడుకుపోతే, పాపం జిహాన్ గుర్తొచ్చాడు అనుకునేవాళ్ళు. గుర్తొచ్చేది జిహాన్ కాదు ఒక్కోసారి. ఎదురు వరసలో ఒడిలో పిల్లని కూర్చోబెట్టుకుని జుట్టు దువ్వుతున్న మిరాన్ గుర్తొచ్చేది, ఎదురుగానే ఉన్నా సరే.

ఓక్ మిరాన్, నారే వాళ్ళమ్మ. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. బ్యాంకులో పని, సన్నటి వేళ్ళు, పెదాలకి ఎప్పుడూ ఏదో లేతరంగు, ఇవాళ కూడా. ఇవాళ కూడా అద్దం ముందు నిలబడి రంగు వేసుకోగలిగిందంటే ఎలాంటి మనిషో, అని పొద్దున అనుకున్నాను, తర్వాత చూస్తే అది ఒక పక్కకి పులుముకుపోయి ఉంది, అయినా నా మనసు దిగిరాలేదు. ఆవిడ ఏం చేసిందని ఈ అదృష్టం? సంఘానికి చందాల కోసం ఒక్కరోజు కొట్టు పెట్టలేదు. వానలో కరపత్రాలు పంచలేదు. నారే పుట్టిన మూడో రోజు మడమలోంచి తీసిన రక్తపు చుక్కలో జబ్బు దొరికిపోయింది, ఒక్క లక్షణం కూడా బయటపడకముందే. ఆ పరీక్ష ఈ ఊరి ఆసుపత్రుల్లో పెట్టించింది ఎవరు? జిహాన్ పోయిన ఏడాది పొడుగునా ఆఫీసుల మెట్లెక్కి దిగింది ఎవరు? నేనే కదా. నా చేతులతో నేనే తలుపు తీసి, రా అమ్మా, అని లోపలికి పిలిచి, నేను మాత్రం బయట నిలబడ్డాను. దొంగిలించినా బాగుండేది, తిట్టుకునేదాన్ని. దొంగిలించలేదు. నేనే ఇచ్చాను. ఇచ్చినందుకు వచ్చే మంట ఇంకా ఎక్కువ.

జిహాన్‌కి ఏడేళ్ళప్పుడు, వాడు కూర్చోవడం మానేసిన చలికాలంలో, నరాల డాక్టరు ఒకాయన మందు లేదని చెప్పి, చెప్పాక జాలిపడి, విశ్వవిద్యాలయంలో ఒకతను దీని మీదే ఏదో చేస్తున్నాడు, వెళ్ళి చూడండి అన్నాడు. నేలమాళిగలో గది. ఛే గారికి అప్పుడు నల్లటి జుట్టు. గోడలకి ఆనించి ఎలుకల పెట్టెలు, కొయ్యపొట్టు వాసన, మూలన మోత పెడుతున్న ఫ్రీజరు. మమ్మల్ని కూర్చోబెట్టడానికి కుర్చీ లేక, పుస్తకాల కట్ట మీద తన కోటు పరిచారు. "ఈ పిల్లల ఒంట్లో ఒక రసం తయారుకాదండి, అది లేక నరాల పైపొర అరిగిపోతుంది. ఆ రసం తయారుచేసే జన్యువుని వైరస్‌లో పెట్టి లోపలికి పంపితే సరిపోతుందని నా ఊహ," అన్నారు. మా ఆయన, "ఊహేనా?" అని అడిగాడు. "ఊహేనండి. ఎలుకల మీద చూడాలి. కంపెనీల దగ్గరికి వెళ్తే ఎలుకల ఫలితం తెమ్మంటారు. ఎలుకల పనికి సాయం చెయ్యమని ప్రభుత్వాన్ని అడిగితే, ఏ కంపెనీ అయినా ఆసక్తి చూపిస్తోందా అంటారు." నవ్వారు చెప్తూ, సిగ్గుపడినట్టు. నాకు చదువు తక్కువ, కానీ వ్యాపారం తెలుసు. పెనం కొనకుండా రొట్టె రుచి చూపించమంటున్నారన్నమాట అందరూ. ఆ ఆదివారమే మా కొట్టు ముందు జిహాన్ ఫోటో పెట్టి డబ్బా పెట్టాను. పుల్లలకి గుచ్చిన చేపముద్దలు, ముల్లంగి పులుసు, కాగితపు గ్లాసులు. టాక్సీ డ్రైవర్లు నిలబడి తిని, చిల్లర తీసుకోకుండా వెళ్ళేవాళ్ళు. తర్వాత మిగతా తల్లులు వచ్చారు, సంఘం అయింది, ఈ జబ్బున్న ఎలుకలు వచ్చాయి.

యోంగ్దో దీవిలో ఓడలకి ప్రొపెల్లర్లు పోతపోసే కంపెనీ యజమాని ఒకాయన మా కొట్టుకి తరచూ వచ్చేవాడు. ఒకనాడు పులుసు తాగుతూ, డబ్బా ఎందుకని అడిగి, మొత్తం విని, "పోత పొయ్యడంలో మొదటిది ఎప్పుడూ పాడవుతుందమ్మా. దానికి కొనేవాడు డబ్బివ్వడు. ఎవడో ఒకడు నవ్వుకుంటూ పాడుచేసుకోవాలి," అన్నాడు, మర్నాడు వచ్చి పెద్ద మొత్తమే రాసిచ్చాడు. ఆయన పరిచయంతోనే సియోల్ మందుల కంపెనీ నుంచి డైరెక్టర్ పాంగ్ వచ్చాడు. అందరం ఒక గదిలో కూర్చున్నాం, ప్రొఫెసరు, కంపెనీ, డబ్బిచ్చినవాళ్ళు, చివర కుర్చీలో నేను. పాంగ్ మంచి మాటకారి. "మనుషుల దాకా తీసుకెళ్ళే దారి మాది. ఆ దారి మొదలయ్యే చోటికి మాత్రం మేం రాలేం, మా పైవాళ్ళు ఒప్పుకోరు," అన్నాడు. నాకు ఒళ్ళు మండి, "మొదటి అడుగు ఎవరూ వెయ్యకపోతే మీరు ఎవరి వెనక నడుస్తారండీ?" అన్నాను. ప్రొపెల్లర్ల ఆయన బల్ల చరిచి నవ్వాడు. పాంగ్ నవ్వలేదు, నా వైపు తిరిగి, "అయితే అడుగులో సగం పాదం మాది," అన్నాడు. ఆ రోజు నుంచే పని నడిచింది. కంపెనీ మనుషులు నేలమాళిగలోకి వచ్చి మందు శుద్ధి చేసే పద్ధతి నేర్పారు, విశ్వవిద్యాలయం గది ఇచ్చింది, మేం ఎలుకల్ని పోషించాం. నాకు గర్వంగానే ఉండేది. గర్వం ఎంతకాలం ఉంటుంది? ఎలుకలు బతికేదాకా ఉంది.

ఎలుకలు బతికాయి. ఛే గారు ఆ రోజు ఫోనులో మాట రాక, రండి, రండి అని మాత్రం అన్నారు. వెళ్తే, ఒక సన్నటి కర్ర మీద ఒక గోధుమరంగు ఎలుక నడుస్తోంది, తోకతో ఊగి నిలదొక్కుకుంటూ, చివరిదాకా. పక్క పెట్టెలో, మందు పడనిది, పక్కకి ఒరిగి వణుకుతోంది. చుట్టూ ఉన్న కుర్రవాళ్ళు కేరింతలు కొట్టారు. నేను ఆ నడిచే ఎలుకని చూశాను. దాని గులాబీరంగు పాదాలు. ఇంట్లో జిహాన్‌కి అప్పటికి ఎనిమిదో ఏడు నిండుతోంది, మింగలేక గొట్టంతో పోస్తున్నాం. లోకంలో ఏ తల్లయినా ఒక ఎలుకని చూసి ఏడ్చి ఉంటుందా, అలా? దాన్ని చూసి అసూయపడ్డాను, ఒక ఎలుకని చూసి, దాని కాళ్ళని చూసి, దాన్ని కన్న ఎలుకని చూసి. మిరాన్ అప్పటికి నాకు తెలియదు. నాకిది మిరాన్‌తో వచ్చింది కాదు, ఇది పాతదే, చోటు మారుతూ ఉంటుంది.

అందరూ వెళ్ళాక మెట్ల దగ్గర ఛే గారిని ఆపాను. "ఆ మందు జిహాన్‌కి ఇవ్వండి." ఆయన తల అడ్డంగా ఊపారు. "ఉన్నది ఎలుకకి సరిపడేంతే, జిహాన్ అమ్మగారూ." "ఆ కాస్తే ఇవ్వండి." "ఆ కాస్త ఇస్తే ఏమీ కాదు, పైగా ఒళ్ళు ఆ వైరస్‌ని గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు మందు వచ్చినా తరిమేస్తుంది. ఒంట్లోకి దారి ఒక్కసారేనండి." "రేపు అంటే?" ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. పెద్దమనిషి అలా ఏడుస్తుంటే ఓదార్చాలనిపించలేదు నాకు. నీ ఎలుక నడిచింది కదా, అనిపించింది. ఆ తర్వాతి శరత్కాలంలో, ఆకులు రాలక ముందే, జిహాన్ నా చేతుల్లో ఊపిరి ఆపేశాడు, పెద్ద హడావుడి లేకుండా, ఏదో మాట మధ్యలో మర్చిపోయినట్టు. అంత్యక్రియలకి ఛే గారు, పాంగ్, ప్రొపెల్లర్ల ఆయన, ముగ్గురూ వచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకి పెట్టే ఎర్ర మాంసం పులుసన్నం ముందు పెట్టుకుని, తినకుండా కూర్చున్నారు. సంఘం వదిలెయ్యమన్నాడు మా ఆయన. వదల్లేదు. మంచితనంతో కాదు. వదిలేస్తే మిగతావాళ్ళు నేను లేకుండా చేసేస్తారేమోనని.

"ఇక్కడ కూర్చున్నారా," అంటూ పాంగ్ వచ్చాడు ఇప్పుడు, చేతిలో రెండు కాఫీ డబ్బాలు. జుట్టు పల్చబడింది, పొట్ట పెరిగింది. ఒకటి నాకిచ్చి, ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. "ఇవాళ మీ రోజు, జిహాన్ అమ్మగారూ." వెచ్చటి డబ్బా అరచేతుల మధ్య తిప్పాను. నా రోజట. కిందటి వారం పత్రికలో ఫోటో వేశారు, ఛే గారు, కంపెనీ పెద్ద, మధ్యలో నారేని ఎత్తుకుని మిరాన్. వెనక వరసలో ఎవరిదో భుజం చాటున నా మొహం సగం. ఆ సగం చూసి మా ఆయన, "నువ్వేనా ఇది?" అన్నాడు. ఇంత చిన్నదానికి కూడా మనసు చివుక్కుమంటుందని నేను అనుకోలేదు. "మీ పైవాళ్ళు సంతోషంగా ఉన్నారా?" అని అడిగాను పాంగ్‌ని. "పైవాళ్ళకేం, కూర్చున్న చోట భయపడతారు. నాకే రాత్రంతా నిద్రలేదు," అన్నాడు. "పిల్లకేమైనా అయితే?" "అయితే..." అని డబ్బా మూత లాగబోయి, లాగకుండా వదిలేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈ మనిషి కూడా పణం పెట్టింది ఏదో ఉంది. అందరిదీ ఏదో ఒకటి లోపల కరుగుతోంది, నాది తప్ప. నాది ఎప్పుడో పారబోశారు.

గాజు తలుపు తెరుచుకుంది. మిరాన్ బయటికి వచ్చింది. వెనకాలే ఛే గారు తల బయటపెట్టి, "తొందరేం లేదు, కాసేపు ఆలోచించుకోండి," అని, మళ్ళీ నా వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళారు. ఆ చూపు అర్థమైంది, మొదలుపెట్టండి మీ పని, అని. పాంగ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. మిరాన్ వచ్చి నా పక్కనే కూర్చుంది, మోచెయ్యి తగిలేంత దగ్గరగా.

"అక్కా."

"ఊఁ."

"చివరిసారి అడుగుతున్నారు. అవునంటే మొదలుపెడతారట."

"ఊఁ."

"మీరూ చూశారుగా, పొద్దున ఎలా పరిగెత్తిందో. దానికి ఒంట్లో ఏమీ లేదక్కా. రాత్రి నూడుల్స్ ఇంకో గిన్నె కావాలని గొడవ. అలాంటి పిల్లని తీసుకొచ్చి..." గాజు తలుపు వైపు చూసింది. "ఎలుకలకి పనిచేసింది, కోతులకి పనిచేసింది. ఇది ఎలుక కాదు కదా. రేపు దానికేమైనా అయితే నా చేతులతో నేనే చేసినట్టు కాదా? ఇంటికి తీసుకెళ్ళిపోతే ఒక ఏడాదైనా పరిగెడుతుంది కదా? ఒక్క ఏడాది."

నేను దారి పొడుగునా బస్సులో వల్లెవేసుకొచ్చిన మాటలు ఉన్నాయి. ఛే గారు జాగ్రత్తగల మనిషి, అంతా మంచే జరుగుతుంది, నువ్వు గట్టిగా ఉంటే పిల్లా గట్టిగా ఉంటుంది. ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది వేరే మాట. తీసుకెళ్ళు, అనే మాట. ఎంత మెత్తగా వచ్చిందంటే, అది నా కడుపులోంచి వస్తోందని నాకే తెలియలేదు, జాలి వేషం వేసుకుని వచ్చింది, ఒక తల్లి బాధ ఇంకో తల్లికి తెలియదా, పరిగెత్తే పిల్లని ఎలా పడుకోబెడతావు, తీసుకెళ్ళు తల్లీ, అని. అంటే చాలు. మందు పారబోస్తారు. ఏడాదికో, ఏడాదిన్నరకో నారే మునివేళ్ళ మీద నడుస్తుంది. అప్పుడు మిరాన్‌కి నాకు తేడా ఉండదు. అప్పుడు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నిజంగానే ఏడవగలను. నాలుక మీదికి వచ్చేసింది ఆ మాట. దాని రుచి కూడా తెలిసింది నాకు.

"నన్నడక్కు," అన్నాను.

"ఇంకెవర్నడగను? ప్రొఫెసర్ గారిని అడిగితే ఇది ఆయన జీవితం. ఆ పాంగ్ గారిని అడిగితే ఇది వాళ్ళ సరుకు. మా ఆయన నీ ఇష్టం అంటాడు. సంఘంలో అందరూ ధైర్యం, ధైర్యం అని మెసేజీలు. మీకైతే ఇందులో ఏమీ లేదు. నిజం చెప్పేది మీరొక్కరే."

"ఏమీ లేదా?" నవ్వొచ్చింది నాకు, అంత గట్టిగా నవ్వుతానని అనుకోలేదు, కిటికీ దగ్గర పాంగ్ తిరిగి చూశాడు. "నాకేమీ లేదని నీకెవరు చెప్పారు? నిన్ను చూస్తే కడుపు మండిపోతోంది నాకు. ఇవాళ కాదు. నువ్వు ఆ పిల్లని చంకనేసుకుని సంఘానికి వచ్చిన మొదటి రోజు నుంచి. దాని జుట్టు దువ్వుతుంటే మండుతుంది. అది నూడుల్స్ కోసం ఏడ్చిందంటే మండుతుంది, నా కొడుకు నోటితో తినడం ఎప్పుడు మానేశాడో తెలుసా నీకు? పొద్దున అది పరిగెడుతుంటే నేను నవ్వాననుకున్నావా?"

"నవ్వలేదు," అంది మిరాన్. "చూశాను."

చూసిందట. చూసి కూడా వచ్చి నా పక్కనే కూర్చుంది. నాకు ఆగలేదు. "భయపడుతున్నావు కదా, ఆ భయం చూసినా ఏడుపే నాకు. నాకు భయపడే వీలు కూడా ఇవ్వలేదు ఎవరూ. ఇవ్వనా మాననా అని వణకడానికి నా ముందు సీసా పెట్టలేదు. పెట్టి ఉంటే..." అక్కడ ఆగిపోయాను. పెట్టి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. ఒక్క క్షణం ఆలోచించేదాన్ని కాదు. చస్తాడేమో అని కూడా ఆలోచించేదాన్ని కాదు. దాన్ని ఆవిడకి చెప్పడానికి మాట దొరకలేదు, దొరికింది ఇంతే: "నీ చోట కూర్చోవడానికి నేను ఏమైనా ఇచ్చేదాన్ని."

ఇంక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, ఛే గారికి చెప్తుంది, సంఘమంతా తెలుస్తుంది, తెలియనీ. వెళ్ళలేదు. ముక్కు చీదుకుంది. పెదాల రంగు ఇంకాస్త పులుముకుపోయింది. చాలా మామూలు గొంతుతో, బ్యాంకులో కిటికీ అవతలి నుంచి మాట్లాడినట్టు, "అందరూ నాకు ధైర్యం చెప్పారక్కా. ఎవరి మాటా నమ్మబుద్ధి కాలేదు. కుళ్ళుకున్నది మీరొక్కరే," అంది. "కుళ్ళుకునేంత మంచిదన్నమాట నా చోటు." లేచింది, స్కర్టు సర్దుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "వెళ్ళిపోకండి," అంది. తలుపు మూసుకుంది.

పాంగ్ వచ్చి, ఈసారి మధ్యలో కుర్చీ వదలకుండా పక్కనే కూర్చున్నాడు. మేమిద్దరం ఆ మూసిన తలుపుని చూస్తూ కూర్చున్నాం. ఎక్కుతూ ఉంటుంది ఇప్పుడు, చుక్క చుక్కగా, ఆ చిన్న చేతిలోకి. ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ చుక్కలకి తెలియదు, టాక్సీ డ్రైవర్లు, ప్రొపెల్లర్లు, ఛే గారి తెల్లబడ్డ జుట్టు, సియోల్లో మొహానికి గుడ్డ కట్టుకుని సీసాలు నింపే ఎవరో అమ్మాయి. జిహాన్. జిహాన్ పేరు ఆ వరసలో ఎక్కడ పెట్టాలో నాకెప్పుడూ తెలియలేదు. వాడు ఏమీ ఇవ్వలేదు. వాడు ఊరికే పోయాడు. పనిచేస్తే బాగుండు అని అనుకోవాలి ఇప్పుడు, ఏ తల్లయినా అనుకోవాల్సింది అదే, అనుకుందామని మొదలుపెట్టినప్పుడల్లా ఆ వాక్యం సగంలో వంగిపోతోంది, పనిచేస్తే వాడికీ పనిచేసేది అని తేలుతుంది కదా, పనిచెయ్యకపోతే వాడు పోవడానికి ఆలస్యం కారణం కాదని తేలుతుంది కదా, ఏది తేలితే నాకు నిద్రపడుతుంది? ఇంత నీచంగా ఉంటుందా మనసు, ఆసుపత్రి కుర్చీలో, కాఫీ డబ్బా పట్టుకుని?

అప్పుడు లోపల గంట మోగింది. కీచుమని, ఆగకుండా. ఇద్దరు నర్సులు పక్క గదిలోంచి పరిగెత్తారు. ఆ తర్వాత ఏం జరిగిందో నేను వరసగా చెప్పలేను. తెలిసేసరికి రెండు అరచేతులతో గాజు తలుపుని బాదుతున్నాను, కాఫీ నా బూడిదరంగు కోటంతా ఒలికిపోయింది, "నారే! నారే!" అని అరుస్తోంది ఎవరో, నేనే. పాంగ్ నా భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. తలుపు తీసి ఛే గారు, "ఏం లేదు, ఏం లేదు, గొట్టంలో గాలిబుడగ, అంతే, మిషను గోల," అన్నారు. నేల మీదే కూర్చున్నాను. దాంతో నా మంట చల్లారిపోయిందని ఎవరూ అనుకోవద్దు. గంట ఆగి, ఊపిరి కుదుటపడగానే, అది తిరిగొచ్చి ఎప్పటి చోటే కూర్చుంది. అయితే గంట మోగినప్పుడు అది అక్కడ లేదు. అప్పుడు ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

మందు ఎక్కడం అయ్యాక ఛే గారు బయటికి వచ్చి మాస్కు దించారు. "ఇవాళ్టికి బాగానే ఉంది," అన్నారు. మళ్ళీ, తనకే చెప్పుకుంటున్నట్టు, "ఇవాళ్టికి." పాంగ్ ఆయనకి తలవంచి నమస్కారం పెట్టాడు, ఆయన పాంగ్‌కి పెట్టారు, ఇద్దరూ అలా వంగి ఎవరు ముందు లేవాలో తెలియనట్టు ఉండిపోయారు. నన్ను లోపలికి రమ్మంటోందని నర్సు చెప్పింది. ఎవరు, అంటే, పాప వాళ్ళమ్మ, అంది. చేతులు కడిగించి, నెత్తికి టోపీ తొడిగి పంపారు.

నారే దిండుకి ఆనుకుని కూర్చుంది, ఒక చెయ్యి అట్టకి కట్టేసి ఉంది. మొహం కాస్త ఎర్రగా ఉంది. మిరాన్ మంచం అంచున కూర్చుని, "ఇందాక తలుపు కొట్టింది ఈ పెద్దమ్మే. జిహాన్ వాళ్ళమ్మ," అంది. పిల్ల నా కోటు మీది మరకని చూసింది, తర్వాత నన్ను.

"జిహాన్ ఎవరు?"

"నా కొడుకు."

"నాకంటే పెద్దవాడా?"

"పెద్దవాడే."

"ఎన్నేళ్ళు?"

మిరాన్ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఆపబోయింది. పదిహేను అనాలి నేను. కానీ పదిహేనేళ్ళ జిహాన్‌ని నేనెప్పుడూ చూడలేదు, వాడి గొంతు ఎలా మారేదో, ఎంత ఎత్తు ఎదిగేవాడో నాకు తెలియదు. "తొమ్మిది," అన్నాను.

పిల్ల కట్టులేని చేతి వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచింది, అవి చాలక కట్టిన చేతి వైపు చూసింది, ఏదో తేల్చుకుంది. "నేనూ తొమ్మిది అవుతా. తర్వాత పది అవుతా. అప్పుడు నేనే వాడికి అక్కని."

"వాడూ పెరుగుతాడు కదే," అనబోయి మిరాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజంతటిలో నాకు అన్నిటికన్నా గట్టిగా మండింది అప్పుడే. బొడ్డు దగ్గర మొదలై గొంతు దాకా. నిలబడటానికి మంచం చువ్వ పట్టుకోవాల్సి వచ్చింది. పిల్ల జవాబు కోసం నన్నే చూస్తోంది.

"అవ్వు," అన్నాను. "వాడికి అక్కవి అవ్వు."